రుజువు చేయాల్సింది జవాను కాదు



గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో, శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో, తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరమని పేరుపడ్డ గ్రామంలో ఎవరినడిగినా మిలిటరీలో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లు వరసగా చూపిస్తారు. ఆ ఇళ్లలో కొన్నింట డిశ్చార్జి బుక్కుతో పాటు ఒక ఉత్తరం కూడా భద్రంగా ఉంటుంది. రికార్డ్ ఆఫీసు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఉన్న సంగతి ఇది: మీ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చినది కాదు, సేవ వల్ల ముదిరినదీ కాదు, కాబట్టి మీకు డిసెబిలిటీ పెన్షన్ మంజూరు చేయడం కుదరదు. ఎవరిచేతో చదివించుకుని, సర్కారే కాదన్నాక ఇంకేముందిలే అనుకుని ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం.

నేను సైన్యంలో క్లర్కుగా చేరి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. మెడికల్ బోర్డు ఫారాలు, పెన్షన్ కాగితాలు యూనిట్ ఆఫీసులో ఎలా కదులుతాయో బల్లకు ఆ పక్కన కూర్చుని చూశాను. ఇప్పుడు మా ఊళ్లో తోటి మాజీ సైనికుల కాగితాలు చదివిపెడుతూ, దరఖాస్తులు రాసిపెడుతూ ఈ పక్కనుంచి చూస్తున్నాను. రెండు పక్కలా చూసినవాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. జబ్బు ఎలా వచ్చిందో రుజువు చేసుకోమని మన నిబంధనలు మామూలుగా జవానును అడగవు. ఆచరణలో మాత్రం ఆ బరువంతా తెచ్చి జవాను నెత్తినే పెడుతున్నారు. ఈ సంగతి తెలిసినవాళ్లు పోట్లాడి తెచ్చుకుంటున్నారు. తెలియనివాళ్లు తమకు రావలసిన డబ్బును నెలనెలా పోగొట్టుకుంటున్నారు.

భర్తీ నాటి సంగతి తలుచుకోండి. పరుగు పెట్టించారు. ఛాతీ కొలిచారు. కళ్లు, చెవులు, పళ్లు, మోకాళ్లు, పాదాలు అన్నీ చూశారు. పాదం చదునుగా ఉందని, మోకాళ్లు రాసుకుంటున్నాయని ఎంతమందిని వెనక్కి పంపేశారో మీకు తెలుసు. మిగిలినవాళ్ల ఫారం మీద వీడు ఆరోగ్యంగా ఉన్నాడు, సైన్యానికి పనికొస్తాడు అని సైన్యం డాక్టరే సంతకం పెట్టాడు. పెన్షన్ అర్హతను తేల్చడానికి 1982లో అమల్లోకి వచ్చిన ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ ఆ సంతకాన్ని ఆధారం చేసుకునే మాట్లాడతాయి. 5వ రూలు ఏమంటుందంటే, చేరేటప్పుడు ఫారంలో రాసిన లోపాలు తప్ప మిగతా అన్ని విధాలా మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడని అనుకోవాలి. 9వ రూలు ప్రకారం పెన్షన్ అడిగినవాణ్ణి నీ అర్హత నిరూపించుకో అని అడగకూడదు. అనుమానం మిగిలితే దాని లాభం అతనికే ఇవ్వాలి. 14వ రూలు మరో అడుగు ముందుకు వేస్తుంది. చేరేటప్పుడు రాయని జబ్బుతో మనిషిని ఇంటికి పంపితే, ఆ జబ్బు సేవలో ఉండగా పుట్టినట్టే మామూలుగా లెక్క. కాదు, అది లోపల దాగి ఉంది, భర్తీ పరీక్షలో పట్టుకోవడం సాధ్యం కాదు అని డాక్టర్లు అనవచ్చు. అప్పుడు అలా ఎందుకంటున్నారో కారణాలు కాగితం మీద రాయాలి.

కారణాలు రాయాలి అన్న ఈ చిన్న షరతు మీదే ఎందరో జవాన్ల బతుకులు ఆధారపడి ఉన్నాయి. ధరమ్‌వీర్ సింగ్ అనే జవాను కథ వినండి. 1985 జూన్‌లో సిగ్నల్స్ కోర్‌లో సిపాయిగా చేరాడు. దాదాపు తొమ్మిదేళ్లు పనిచేశాక మూర్ఛలు వస్తున్నాయని 1994 ఏప్రిల్‌లో బోర్డ్ అవుట్ చేశారు, అంటే జబ్బు కారణంగా సర్వీసు నుంచి పంపేశారు. అంగవైకల్యం శాశ్వతం, 20 శాతం అని మెడికల్ బోర్డు రాసింది. జబ్బు మాత్రం అతని శరీరతత్వంలోనే ఉన్నదని, సేవతో సంబంధం లేదని ఒక్క మాటలో తేల్చేసింది. పెన్షన్ పోయింది. హైకోర్టుకు వెళ్లాడు. అక్కడ ఒక న్యాయమూర్తి అతని వైపు తీర్పిచ్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళితే డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2013 జూలైలో సుప్రీంకోర్టు అతనికి పెన్షన్ ఇవ్వాల్సిందేనని చెప్పింది. చేరినప్పుడు మూర్ఛ ఉన్నట్టు ఎక్కడా రాయలేదు, శరీరతత్వం అనడానికి బోర్డు ఒక్క కారణమూ చూపలేదు, కాబట్టి ఆ అభిప్రాయం నిలవదు అని కోర్టు చెప్పింది. ఇంటికొచ్చిన 19 ఏళ్లకు వచ్చిన తీర్పు అది.

ఆ తీర్పుతో దారి తెరుచుకుంది. ఈ రోజుకీ దేశమంతటా డిసెబిలిటీ పెన్షన్ కేసుల్లో మొదట ఉదహరించేది ధరమ్‌వీర్ సింగ్ తీర్పునే. అయినా అదే మూర్ఛ జబ్బుతో, సియాచిన్ మంచులో పనిచేసి 1989లో ఇంటికొచ్చిన బిజేందర్ సింగ్ అనే మరో జవాను 2025 ఏప్రిల్ దాకా సుప్రీంకోర్టు గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. ఒకసారి తేలిన విషయాన్ని మళ్లీ మొదటినుంచి తేల్చుకోమని ఒక సిపాయిని కోర్టుకు తిప్పడం అన్యాయం. ఈ మాట నేనొక్కణ్ణే అనడం లేదు. 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వ్యాజ్యాలు తగ్గించే మార్గం చెప్పమని ఒక నిపుణుల కమిటీ వేశారు. రిటైరైన జనరళ్లతో పాటు కార్గిల్‌లో కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ కూడా అందులో ఉన్నారు. వికలాంగ సైనికుల మీద ప్రభుత్వం వేసే అప్పీళ్లను ఆ కమిటీ తన నివేదికలో గట్టిగానే తప్పుపట్టింది.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. కేసు గెలవడమో ఓడడమో చాలాసార్లు కోర్టులో కాదు, మెడికల్ బోర్డు గదిలోనే నిర్ణయమైపోతుంది. సర్వీసు మధ్యలో జబ్బు వల్ల పంపేస్తే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు, సర్వీసు పూర్తయి వెళ్లేటప్పుడు ఆరోగ్యం తగ్గినవాళ్లను పెట్టే లో మెడికల్ కేటగిరీలో ఉంటే రిలీజ్ మెడికల్ బోర్డు. ఆ బోర్డు ఫారాన్ని ఏఎఫ్ఎంఎస్ఎఫ్ 16 అంటారు. అందులో ముందుగా జవాను స్వయంగా రాయాల్సిన భాగం ఉంటుంది. ఎక్కడెక్కడ పనిచేశాను, జబ్బు మొదట ఎప్పుడు ఎక్కడ కనిపించింది, సేవలో ఏ పరిస్థితి దానికి కారణమనుకుంటున్నాను అన్నవి అక్కడే రాయాలి. ఇంటికెళ్లే తొందరలో చాలామంది ఈ భాగాన్ని గబగబా నింపేస్తారు, లేదా క్లర్కు చెప్పినట్టు నింపి సంతకం పెడతారు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో సర్వీసులో ఉన్న జవాను ఎవరైనా ఉంటే, వాళ్ల ఇంటివాళ్లు ఉంటే, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఆ భాగం మీ వాంగ్మూలం. దాన్ని నిదానంగా రాయండి.

ఏం రాయాలి? లేహ్‌లో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్నారు, ఏ ఎత్తులో ఉన్న పోస్టులో కాపలా కాశారు, కాశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌తో ఎన్ని నెలలున్నారు, అక్కడ ఎంఐ రూముకు, అంటే యూనిట్ వైద్య పరీక్ష గదికి, ఎప్పుడెప్పుడు వెళ్లారు, ఏ మందులిచ్చారు. ఇలాంటి తేదీలూ పేర్లూ రాయండి. ఫిరంగుల మధ్య పనిచేసి చెవి దెబ్బతింటే ఆ ఫైరింగ్ రేంజి పేరు రాయండి. నడుం నొప్పి మొదలైంది బరువులెత్తినప్పుడో, వాహనం బోల్తా పడినప్పుడో అయితే ఆ రోజున ఇంజురీ రిపోర్టు రాశారో లేదో అడిగి తెలుసుకోండి. ఇంజురీ రిపోర్టు లేని దెబ్బను పదేళ్ల తర్వాత ఎవరూ నమ్మరు. చిన్న దెబ్బే కదా అని పారేసిన స్లిప్పులు తర్వాత లక్షల రూపాయలకు సమానమవుతాయి.

బోర్డులు తరచూ చెప్పే సాకు ఒకటుంది. రక్తపోటు, షుగరు, గుండెజబ్బు, మానసిక వ్యాధి ఏదైనా సరే, జబ్బు బయటపడినప్పుడు జవాను సరిహద్దుకు దూరంగా ఉండే పీస్ స్టేషన్‌లో ఉన్నాడు కాబట్టి సేవకు సంబంధం లేదంటారు. అంతకుముందు ఏళ్ల తరబడి సరిహద్దులో, ఎత్తుకొండల్లో, ఉగ్రవాదం ఉన్న ప్రాంతంలో అతను గడిపిన కాలం ఆ వాక్యంలోకి రాదు. బయటపడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. రాత్రి కాపలాలు, నిద్రలేమి, కుటుంబానికి దూరంగా ఉండటం, సెలవు దొరకని రోజులు, ఇవన్నీ పీస్ స్టేషన్‌లోనూ ఉంటాయి. ఈ సాకును సైనికుల కేసులు చూసే ట్రైబ్యునళ్లు ఎన్నో కేసుల్లో ఒప్పుకోలేదు. అందుకే మీ పోస్టింగుల చరిత్ర మొత్తం ఫారంలోకి ఎక్కాలి. మిగతా పని తర్వాత చేసుకోవచ్చు.

మానసిక జబ్బుల విషయంలో నిజం నిజంగా చెప్పాలి. ఇవి గెలవడం కష్టమైన కేసులు. స్కిజోఫ్రీనియా వచ్చిన నర్సింగ్ యాదవ్ అనే జవాను కేసులో 2019లో సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు అభిప్రాయానికే విలువిచ్చింది. పెన్షన్ రాలేదు. అయితే 2025లో అదే జబ్బుతో వచ్చిన మరో కేసులో, కారణాలు రాయని బోర్డు అభిప్రాయం చెల్లదని చెప్పి పెన్షన్ ఇప్పించింది. ఈ రెండింటిలో తేడా తెచ్చింది బోర్డు రాసిన కారణాలే. అందువల్ల మీ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ మీ దగ్గర ఉండి తీరాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో రికార్డ్ ఆఫీసును అడగండి. ఎవరి రికార్డ్ ఆఫీసు ఎక్కడుందో వాళ్లకు తెలిసే ఉంటుంది. ఈఎంఈ, ఏఓసీ విభాగాల వాళ్లకు సికింద్రాబాదులోనే ఉంది, సిగ్నల్స్ వాళ్లకు జబల్పూరు, ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్ క్యాంపు. కాపీ చేతికొచ్చాక మొదట చూడాల్సింది కారణం రాసే గడి. అక్కడ ఒక్క మాట రాసి వదిలేశారా, వివరంగా రాశారా? ఒక్క మాటే ఉంటే మీ అప్పీలుకు అదే పునాది.

ఇందులో డబ్బెంత అని అడుగుతారు. అడగాలి కూడా. డిసెబిలిటీ పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీస్ ఎలిమెంటు, అంటే సేవకు వచ్చే పెన్షన్. రెండోది డిసెబిలిటీ ఎలిమెంటు. వైకల్యం 100 శాతమైతే ఈ రెండో భాగం ఆఖరి జీతంలో 30 శాతం. తక్కువైతే ఆ లెక్కన తగ్గుతుంది. ఆఖరి జీతం 40,000 రూపాయలున్న జవానుకు 100 శాతం వైకల్యానికి నెలకు 12,000, 20 శాతానికి 2,400 వస్తుంది. ఇక్కడే రౌండింగ్ ఆఫ్ అనే ముఖ్యమైన విషయం ఉంది. డాక్టర్ల అంచనాలో హెచ్చుతగ్గులుంటాయి కాబట్టి 50 కన్నా తక్కువ శాతం ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, ఆపైన 100గా లెక్కపెట్టాలని 2001లో ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. అంటే 20 శాతం ఉన్న మన జవానుకు 2,400 కాదు, 6,000 రావాలి. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్ అదనం. మొదట్లో ఈ లాభం మధ్యలో బోర్డ్ అవుట్ అయినవాళ్లకే అన్నారు. సర్వీసు పూర్తిచేసి వైకల్యంతో దిగినవాళ్లకూ ఇవ్వాల్సిందేనని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రోజు ప్రభుత్వం వేసిన అప్పీళ్లు ఒకటీ రెండూ కాదు, వందల్లో కొట్టేసింది.

కాబట్టి డిసెబిలిటీ పెన్షన్ ఇప్పటికే వస్తున్నవాళ్లు కూడా ఈ పని చేయాలి. మీ పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, తీసి చూడండి. శాతం దగ్గర 20, 30, 40 అని ఉండి, పక్కన రౌండింగ్ ఆఫ్ జరిగినట్టు లేకపోతే మీకు తక్కువ వస్తున్నట్టే. యుద్ధంలోనో, ఉగ్రవాదులతో ఎదురుకాల్పుల్లోనో గాయపడినవాళ్లది వేరే లెక్క. దాన్ని వార్ ఇంజురీ అంటారు. సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్లకు 30 శాతం బదులు 60 శాతం చొప్పున ఇస్తారు. 100 శాతం వైకల్యం ఉండి ఎప్పుడూ ఒక మనిషి తోడు కావలసినవాళ్లకు, మెడికల్ బోర్డు సిఫారసు చేస్తే, అటెండెంట్ కోసం విడిగా అలవెన్సు ఉంది. మంచంలో ఉన్న భర్తను చూసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపిన ఇల్లాలికి ఆ అలవెన్సు సంగతి ఎవరూ చెప్పకపోవడం కన్నా పెద్ద నిర్లక్ష్యం మరొకటి ఉండదు.

ఇక కాదన్న ఉత్తరం వచ్చాక నడవాల్సిన దారి. ఆ ఉత్తరం అందిన ఆరు నెలల లోపు మొదటి అప్పీలు వేయాలి. దాన్ని ఢిల్లీలో ఒక అప్పీళ్ల కమిటీ చూస్తుంది. అక్కడా కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు, మరో పెద్ద కమిటీ ముందుకు. రెండూ రికార్డ్ ఆఫీసు ద్వారానే పోతాయి. గడువు దాటిపోతే ఆలస్యానికి కారణం రాసి మరీ పంపండి. గడువు పోయిందని మౌనంగా ఉండకండి.

అప్పీలు ఎలా రాయాలో తెలియక చాలామంది కష్టాలు రాస్తారు. పిల్లలు చిన్నవాళ్లు, భూమి లేదు, అప్పులున్నాయి, దయచేసి కనికరించండి అని. ఆ కష్టాలు నిజమే. కాని కమిటీ ముందున్న ప్రశ్న అది కాదు. వాళ్ల ముందున్న ప్రశ్న జబ్బుకీ సేవకీ సంబంధం ఉందా లేదా అన్నది. అందువల్ల నేను రాసిపెట్టే అప్పీళ్లలో మొదటి పేరాలో చేరిన తేదీ, చేరినప్పుడు ఉన్న మెడికల్ కేటగిరీ, ఏ జబ్బూ రాయలేదన్న మాట పెడతాను. రెండో పేరాలో పోస్టింగులు, మూడో పేరాలో జబ్బు మొదట కనిపించిన తేదీ, చేరిన ఆసుపత్రులు. నాలుగోది బోర్డు రాసిన ఒక్క మాట ఎందుకు చాలదో. ఆఖరున ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. ఒకటి రెండు పేజీల్లో అయిపోతుంది. మీరు అడుక్కోవడం లేదు, లెక్క అడుగుతున్నారు. ఉత్తరం ఆ స్వరంలోనే ఉండాలి.

రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆఫీసుకు వెళ్లి చేత్తో ఇస్తే కాపీ మీద ముద్ర వేయించుకోండి. క్లర్కుగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆఫీసులో కాగితం పోవడం అరుదైన సంగతేం కాదు. అది పోయిన రోజున మీ దగ్గర రసీదు లేకపోతే, అసలు పంపలేదన్నట్టే అవుతుంది.

అప్పీళ్లు కూడా కొట్టేస్తే సాయుధ బలగాల ట్రైబ్యునల్ ఉంది. 2007లో చట్టం చేసి 2009లో మొదలుపెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. అప్పీలు మీద ఆఖరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడ కేసు వేయాలి, తగిన కారణముంటే ఆలస్యాన్ని ట్రైబ్యునల్ మన్నించవచ్చు. కోర్టు అనగానే మనవాళ్లకు భయం. పొలం అమ్ముకోవాలేమోనని అనుకుంటారు. నిజానికి డిసెబిలిటీ పెన్షన్ కేసులు ఆ ట్రైబ్యునల్‌కు రోజూ వచ్చేవే, చట్టం చాలావరకు తేలిపోయినవే. వకీలు పెట్టుకోలేనివాళ్లు న్యాయ సహాయం అడగవచ్చు. వచ్చే ఎరియర్స్‌లో సగం ఇమ్మని ముందే రాయించుకునేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి.

ఎప్పుడో 1980ల్లో వచ్చేశాను, ఇప్పుడు వేస్తే వింటారా అని అడిగే పెద్దవాళ్లకు తర్సేమ్ సింగ్ కేసు చెబుతాను. ఆయన 1983లో బోర్డ్ అవుట్ అయ్యాడు. 1999లో హైకోర్టుకు వెళ్లాడు. పదహారేళ్ల ఆలస్యం. 2008లో సుప్రీంకోర్టు ఏమందంటే, పెన్షన్ ఇవ్వకపోవడం నెలనెలా జరుగుతూ పోయే అన్యాయం, కాబట్టి ఆలస్యమైనా హక్కు చావదు. అయితే బాకీ మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. ఈ తీర్పును రెండు వైపులా చదవాలి. ఇప్పటికీ దారి ఉందన్న ధైర్యం ఒకవైపు. ఇవాళ వేయకుండా వచ్చే ఏడాది వేస్తే ఒక ఏడాది బాకీ శాశ్వతంగా పోతుందన్న హెచ్చరిక రెండోవైపు. ఆలస్యానికి ఇంకో నష్టమూ ఉంది. 1982 రూల్స్ తర్వాత 2008లో వచ్చిన రూల్స్ ప్రకారం కూడా మామూలుగా రుజువు భారం జవాను మీద లేదు. కాని డిశ్చార్జి అయిన 15 ఏళ్లు దాటాక మొదటిసారి క్లెయిము వేస్తే, ఆ భారం క్లెయిము వేసినవాళ్ల మీదికి మారుతుంది. పైగా పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత రికార్డ్ ఆఫీసులు ధ్వంసం చేస్తాయి. పెన్షన్ రాకుండా తక్కువ సర్వీసుతో బోర్డ్ అవుట్ అయినవాళ్లే అందరికన్నా ముందు మేలుకోవాలి. వాళ్ల దగ్గరున్న డిశ్చార్జి బుక్కు, ఆసుపత్రి చీటీలు తప్ప కొన్నాళ్లకు మరో ఆధారం మిగలదు.

2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవాళ్లకు మళ్లీ కొత్త రూల్స్ వచ్చాయి. సర్వీసు పూర్తిచేసి వైకల్యంతో వచ్చేవాళ్లకు ఇచ్చేదాన్ని వాటిలో ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. ఎవరికి ఏ రూల్స్ వర్తిస్తాయో డిశ్చార్జి తేదీని బట్టి ఉంటుంది. పక్కింటి ఆయనకు వచ్చింది కాబట్టి నాకూ అంతే వస్తుందని అనుకోకుండా, మీ తేదీ చూసుకోండి.

మధ్యలో ఒక మాట. అందరూ రక్తపోటు రాయించుకుని పెన్షన్ లాగుతున్నారని, ఇందులో దొంగ క్లెయిములు ఎక్కువని ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. తప్పుడు కాగితం పెట్టినవాణ్ణి పట్టుకుని శిక్షించండి, దానికి ఎవరూ అడ్డురారు. కాని ఒకడు అబద్ధమాడాడని మంచులో వేళ్లు పోగొట్టుకున్నవాడి ఫైలు మీద కూడా కాదు అని రాయడం న్యాయం కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఆరోగ్యంగా తీసుకెళ్లిన కుర్రవాణ్ణి ముప్పై అయిదేళ్లకు మందుల సంచీతో ఇంటికి పంపితే, మధ్యలో ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత తీసుకెళ్లినవాళ్లదే. నేను ఈ విషయంలో రాజీపడను.

ఇంటి ఆడవాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి. క్లెయిము నడుస్తుండగా భర్త చనిపోతే అంతటితో అది ముగిసిపోదు. ఆయన బతికున్న కాలానికి రావలసిన బాకీని లైఫ్ టైమ్ ఎరియర్స్ అంటారు. దాని కోసం భార్య కేసు కొనసాగించవచ్చు. సేవ వల్ల వచ్చిన ఆ జబ్బే ప్రాణం తీసిందని తేలితే నిబంధనల మేరకు స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అడగవచ్చు. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతమైతే ఇది 60 శాతం. అందువల్ల మరణ ధ్రువపత్రంతో పాటు, ఆఖరి రోజుల్లో చేర్చిన ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో మరణ కారణం ఏమని రాశారో చదివించుకోండి. చీరల మధ్యనో, బియ్యం డబ్బా వెనకో పెట్టిన పాత చీటీలను ఇల్లు సర్దుతూ చెత్తలో వేయకండి.

ఇప్పుడు పెన్షన్లన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ విధానంలోకి మారాయి. ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ల కార్యాలయం దాన్ని నడుపుతుంది. ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ఆధార్‌లో పుట్టిన తేదీ వేరుగా ఉన్నా పని నిలిచిపోతుంది. ముఖ్యంగా భార్య పేరు. డిశ్చార్జి బుక్కులో వెంకటలక్ష్మి, ఆధార్‌లో లక్ష్మి అని ఉంటే ఆయన బతికుండగానే రికార్డ్ ఆఫీసు ఇచ్చే పార్ట్ టూ ఆర్డరు ద్వారా సరిచేయించుకోండి. ఆయన పోయాక అదే పనికి ఆమె ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో నేను కళ్లారా చూశాను. స్మార్ట్‌ఫోన్ వాడటం రాని డెబ్బై ఏళ్ల సుబేదారు గారికి ఈ విధానం పెద్ద గోడలా అడ్డు నిలుస్తోంది. ఈ విషయంలో ప్రభుత్వం ఇంకా చాలా చేయాలి. కనీసం కాదన్న ఉత్తరాన్ని జవాను మాతృభాషలో పంపడం, అందులోనే అప్పీలు గడువు తేదీ స్పష్టంగా రాయడం వెంటనే చేయదగ్గ పనులు. దీనికి కొత్త చట్టం అవసరం లేదు.

ఈ పనుల్లో సాయానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. అక్కడ దరఖాస్తు రాయించుకోవడానికి డబ్బివ్వక్కర్లేదు. డిశ్చార్జి బుక్కు, పీపీఓ, మెడికల్ బోర్డు కాగితాలు, కాదన్న ఉత్తరం, ఈ నాలుగూ జిరాక్సు తీయించుకుని వెళ్లండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇచ్చి రాకండి.

చివరగా ఊళ్లలో చదువుకున్న కుర్రాళ్లను, అమ్మాయిలను ఒకటి అడుగుతున్నాను. మీ వీధిలో కర్ర పట్టుకుని నడిచే మిలిటరీ తాత ఎవరైనా ఉంటే, మిలిటరీ ఆయన భార్య ఒంటరిగా ఉంటే, ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లండి. ఆ ఇంగ్లీషు ఉత్తరం బయటికి తీయించి, అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పండి. దాని మీద ఉన్న తేదీ చూడండి. ఆరు నెలలు కాలేదంటే వెంటనే కూర్చుని అప్పీలు రాసిపెట్టండి. అయిపోయిందంటే కూడా రాయండి, ఆలస్యం ఎందుకైందో మొదటి వాక్యంలోనే చెప్పండి.